దానమ్మ మూసిన బావి

మా పెద్దమ్మ దానమ్మ ఆదోనిలో గోల్ఫు బయలు ఊడ్చేది. ఊరికి పడమరగా, పత్తి మిల్లులు దాటినాక, రాళ్లూ రేగికంపలూ నిండిన ఎర్రనేల అది. తెల్లదొరలున్న కాలంలో వాళ్ల క్లబ్బు కోసం దాన్ని చదును చేయించి, తొమ్మిది చోట్ల చిన్న గుంతలు తవ్వి, ఒక్కో గుంత చుట్టూ నూనె కలిపిన ఇసుక పరిపించినారు. మా నేలలో గడ్డి బతకదు కాబట్టి ఇసుక. ఊడ్చేవాళ్లు వాటిని కళ్లాలు అనేవాళ్లు. దొరల బంతి సాఫీగా దొర్లాలంటే తెల్లారేసరికి ఆ తొమ్మిది కళ్లాల మీదా అడుగు గుర్తన్నది ఉండకూడదు. పెద్దమ్మ, ఆమెతోపాటు ఊరి బయట మా పాలెంలోని ముగ్గురు ఆడవాళ్లు పదకొండేళ్లు ఆ పని చేసినారు. దొరలు పోయినారు, వాళ్ల కుర్చీల్లో మనవాళ్లు కూర్చున్నారు. ఊడ్చేవాళ్లు మాత్రం మారలేదు.

ఆదోని తాలూకా బళ్లారి జిల్లా నుంచి కర్నూలు జిల్లాలో కలిసిన మరుసటేడు, ఎండలు ముదరక ముందే, క్లబ్బు గేటుకు ఒక కాగితం అంటించినారు. అదేమిటో గేటు కాపలా తిక్కయ్య చెప్పినాడు.

"దానక్కా, బయలు మూస్తాండారు. ఆరు నెలలంట. కర్నూలు నుంచి పెద్దాఫీసర్లు ఆడడానికి వస్తారంట, ఇసుక తీసేసి బెంగుళూరు గడ్డి ఏస్తారంట. తెరిసినాక మీకు కబురు సేస్తారు."

"కబురు సేస్తామని ఎవురు సెప్పినారు?"

"సెక్రటరీ దొర."

పెద్దమ్మకు కబురు చేస్తామన్న మాటంటేనే గిట్టదు. ఆమె పెనిమిటి పుల్లన్న ఒక మిల్లులో పత్తి మోసేవాడు. మిషన్లు బాగు చేయాలని ఆ మిల్లు మూసినారు, తెరిచినాక కబురు చేస్తామన్నారు. మూడు నెలలు ఇంట్లోనే కాచుకున్నాడు. ఒకనాడు మిల్లు గొట్టంలో పొగ చూసి పరుగెత్తుకుని పోతే, లోపల అప్పటికే కొత్తవాళ్లు పనిచేస్తున్నారు. కూలి వెతుక్కుంటూ ఆలూరు పక్క పల్లెలకు పోయినాడు. అక్కడే జ్వరమొచ్చి పోయినాడు.

అందుకే పెద్దమ్మ మరునాడే పాలెం బడి టీచరు కృపమ్మ దగ్గరకు పోయి నాలుగు వరుసల కాగితం రాయించుకుంది. బయలు తెరిచినాక ఈ నలుగురినే పనిలో పెట్టుకుంటాము అని. అది పట్టుకుని క్లబ్బు వరండా మెట్ల దగ్గర నిలబడింది. సెక్రటరీ మద్రాసు మనిషి. మంచివాడే అని పేరు.

"ఊడ్చేవాళ్లకు కాగితాలు ఇచ్చే పద్ధతి లేదమ్మా. నా మాట చాలదా?" అన్నాడు.

"నేను పనిలో సేరినప్పుడు నా మాట సాలదని ఏలిముద్ర ఏయించుకున్నారు గదా దొరా. నేను ఏసినాను. ఇప్పుడు మీరు ఎయ్యండి."

వరండాలో ఉన్నవాళ్లు నవ్వినారు. సెక్రటరీ నవ్వలేదు. ఆమెను బయటికి పంపమని తిక్కయ్యకు చెప్పి లోపలికి పోయినాడు.

పెద్దమ్మ వినలేదు. రోజూ పొద్దున్నే పోయి, పనివాళ్లు ఇంకా తవ్వని కళ్లాలను ఊడ్చి వచ్చేది. ఎనిమిదోనాడు ఆమె చీపురును కంచె అవతలికి విసిరేసినారు.

తరువాత గడ్డి వచ్చింది, తడి గోనెల్లో, రైల్లో. పని గుత్తకు తీసుకున్నది ఎమ్మిగనూరు శేషప్ప. గడ్డికి రెండు పూటలా నీళ్లు పోయాలి. దానికోసం బయలులో తవ్విన కొత్త బావికి అడుగున బండ తగిలి, చుక్క నీరు పడలేదు. దగ్గరలో ఉన్న నీళ్లంటే పాలెం బావే. ఊరివాళ్లు ఎన్నడూ అందులో కడవ ముంచినవాళ్లు కాదు. శేషప్ప మాత్రం ఎవరినీ అడక్కుండానే పీపాల బండ్లు తోలించినాడు. నాలుగు రోజులకే నీళ్లు అడుగంటినాయి. ఒక్క కడవ నిండాలంటే ఊట కోసం కాచుకుని కూర్చోవలసి వచ్చింది.

అయిదోనాడు బండ్లు వచ్చేసరికి బావి మీద గిలక లేదు, చేంతాడు లేదు. చుట్టూ తుమ్మకంప వేసి ఉంది. కంప ముందర పాలెం ఆడవాళ్లంతా కూర్చున్నారు, నడుమ దానమ్మ.

"ఏందిది?" అన్నాడు శేషప్ప.

"బావికి రిపేరయ్యా. తాత్కాలికంగా మూసినాం."

"ఎన్నాళ్లు?"

"తెలీదు. తెరిసినాక మీకు కబురు సేస్తాం."

శేషప్ప మొహం ఎర్రబడింది. "పోలీసోళ్లను పిలిపిస్తా."

"పిలిపీయండి. ఇది మా తాతలు తవ్వుకున్న బావి. ఈ నీళ్లు తాగితే మీకు మైల. గడ్డికి మాత్రం మైల లేదా? అది సెప్పి పిలిపీయండి."

బండ్లు వట్టి పీపాలతో వెనక్కి తిరిగినాయి.

వాళ్లు పోయినాక కృపమ్మ టీచరు వచ్చి పెద్దమ్మ పక్కన కూర్చుంది. "కేసు పెడితే ఏం చేస్తావు దానమ్మా?"

"కేసు పెడితే కాగితం పుడుతుంది గదమ్మా. నాకు కావాల్సింది కాగితమే."

అట్లా అనింది గానీ లోపల భయంగానే ఉండిందని తనే తరువాత మా అమ్మతో చెప్పింది. అది కనిపించకుండా కంపలో ముళ్లు సర్దుతున్నట్టు చేతులు ఆడిస్తూ ఉండిందంట.

పోలీసులు రాలేదు. మూడోనాడు మిట్టమధ్యాహ్నం సెక్రటరీ జీపు వచ్చింది. అప్పటికే గడ్డి కొసలు పసుపు తిరిగినాయని తిక్కయ్య కబురు మోసినాడు. సెక్రటరీ టోపీ తీసి చెమట తుడుచుకుని, "ఆ కాగితం ఉందా?" అన్నాడు.

పెద్దమ్మ కొంగుముడి విప్పింది. అయితే కృపమ్మ చేత ఇంకో రెండు వరుసలు రాయించిందాకా కలం అతని చేతికి ఇవ్వనియ్యలేదు. పాలెం కడవలన్నీ నిండినాకే పీపాలు నింపాలి. గడ్డికి నీళ్లు పోసే పని ఆ నలుగురికే ఇవ్వాలి.

"ఇది మొదట అడగలేదే," అన్నాడు సెక్రటరీ.

"మొదట మీరు మా బావికి రాలేదు దొరా."

జీపు బానెట్టు మీద పెట్టి సంతకం చేసినాడు. క్లబ్బు ముద్ర కూడా పడాలని పెద్దమ్మ పట్టుబడితే, మనిషిని పంపి తెప్పించినాడు. ముద్ర పడినాక ఆడవాళ్లే కంప తీసినారు.

ఆరు నెలలు అన్నది పదకొండు నెలలైంది. పాత కళ్లాల్లో నాలుగింటి మీద గడ్డి పట్టింది. మిగిలిన అయిదింటి మీద ఎండకు మాడిపోతే మళ్లీ నూనె ఇసుకే పోసినారు. తెరిచే రోజున కర్నూలు నుంచి కార్లు వచ్చినాయి. అతిథులు పోయిందాకా పనివాళ్లు షెడ్డు వెనకాలే ఉండాలన్నారు.

"నీళ్లు పోసి పెంచినోళ్లం, ఎట్లుందో సూడొద్దా తిక్కయ్యా?" అని పెద్దమ్మ మిగతా ముగ్గురినీ వెంటబెట్టుకుని నడిచింది. తిక్కయ్య ఆపలేదు. నలుగురూ ఉత్తకాళ్లతో మొదటి కళ్లం గడ్డి మీద నిలబడినారు. గొడుగు కింద ఉన్న ఒక ఆఫీసరు భార్య, వీళ్లెవరని సెక్రటరీని అడిగింది. అతను చెప్పే లోపే పెద్దమ్మ తన పేరు చెప్పింది. తరువాత మిగతా ముగ్గురి పేర్లూ ఒక్కొక్కటే, ఇంటిపేర్లతో సహా చెప్పింది.