చుక్క పడని నెత్తురు

మక్తల్ దగ్గరి ఒక ఊళ్లో టీకాలు వేసిన రెండు నెలలకే మశూచి వచ్చింది. అరవైల నాటి మాట. హైదరాబాదులో వైరస్‌ల మీద పనిచేసే ఒక ప్రయోగశాలలో నేను అప్పుడే పరిశోధకురాలిగా చేరాను. మాది నల్లగొండ జిల్లా, మగ్గం ఇల్లు. మా వాడలో డిగ్రీ దాటిన మొదటి ఆడపిల్లను నేనే.

మా పై అధికారి కాగితం నా ముందుకు తోశాడు.

"అందరికీ టీకా వేసినట్టు రికార్డుంది. ఆ కూలివాడ వాళ్లు దాక్కుని తప్పించుకుని ఉంటారు. వెళ్లి నాలుగు రక్త నమూనాలు తెచ్చి, అదే రాసెయ్యి."

నమూనా తియ్యకముందే ఫలితం చెప్పేశాడు. బస్సులో దారి పొడుగునా ఆ మాటే నన్ను గుచ్చుతూ వచ్చింది.

వాడలో నన్ను ఎవరూ రానివ్వలేదు. "టీకా ఏసిండ్రు, తల్లి పోసింది. ఇగ నెత్తురు గూడ గావాల్నా మీకు?" అని ఒకాయన నా మీదికి వచ్చాడు. అంతలో ఒక గుడిసె ముందు కూర్చున్న అవ్వ లేచింది. వారం కిందటే ఆమె మనవడు మశూచితో పోయాడట. నా ముందుకు వచ్చి జబ్బ చూపించింది.

"జూడు. గీకిండ్రా లేదా?"

టీకా గీతలున్నాయి. కానీ టీకా పడితే జ్వరం వచ్చి, పొక్కు లేచి, అది మానాక మిగిలే గుంట లేదు.

"పొక్కు లేసిందా అవ్వా?"

"ఏ పొక్కూ లేదు, జరమూ లేదు. మూడొద్దులల్ల మానిపోయింది. ఊరి పటేలేమో మేం చేన్లల్ల దాక్కున్నమంటుండు. ఎందుకు దాక్కుంటం? పిలగాండ్లను సంకల ఎత్తుకోని వరసల నిలవడ్డం!"

ఆమెకు ఎలా చెప్పాలా అని ఆలోచించి, మా ఇంటి మాటలోనే చెప్పాను. "టీకా మంచిగ పడితె ఒంట్ల కావలి పుడ్తది అవ్వా. మల్ల గా రోగమొస్తే కావలోళ్లు ఆపుతరు. గా కావలి ఉన్నదో లేదో నెత్తుర్ల కనవడ్తది."

"లేదని తేలితే?"

"లేదనే రాస్త."

ఆమె నా ముందుకు చెయ్యి చాపింది. ఆమె తర్వాత ఒక్కొక్కరే వచ్చారు.

తిరిగి వెళ్లే ముందు, టీకాలు వేసిన ఉద్యోగిని వెతికి పట్టుకున్నాను. ఆయన చెడ్డవాడేమీ కాదు. "ఐసు యాడ దొరుకుతదమ్మా ఈ ఎండల? డబ్బా సైకిల్‌కు కట్టుకోనే ఊర్లన్ని తిరిగిన" అన్నాడు. ఆ ఊళ్లో వేయగా ఆయన డబ్బాలో మిగిలిన టీకా గొట్టాలు కొన్ని అడిగి తీసుకున్నాను.

మేం చేసే పరీక్షకు కోడి నెత్తురు కావాలి. అదీ అన్ని కోళ్లదీ పనికిరాదు. సరైన పెట్ట దొరికేదాకా ఎన్నో పెట్టలను చూడాలి. వైరస్‌ను కోడి రక్తకణాలతో కలిపితే అవి ఒకదానికొకటి అంటుకుని పరీక్ష పలక గుంటలో పల్చని పొరలా పరుచుకుంటాయి. మనిషి రక్తంలో ప్రతిరక్షకాలుంటే, అంటే నేను అవ్వకు చెప్పిన కావలి ఉంటే, అవి ముందే వైరస్‌ను పట్టేస్తాయి. అప్పుడు కణాలు అంటుకోకుండా జారి, అడుగున ఎర్రని చుక్కలా చేరతాయి. చుక్క పడితే రక్షణ ఉన్నట్టు. ఆ మధ్యే టీకా వేయించుకున్న నా రక్తాన్నీ పక్కన పెట్టాను. నాకు చుక్క పడింది. టీకా గీతలుండి, రోగం ఇంకా తగలని ఆ వాడవాళ్లలో ఒక్కరికీ పడలేదు.

సైకిల్ డబ్బాలోని టీకాను పిండమున్న కోడిగుడ్లలోకి ఎక్కించాను. మంచు మీద ఉంచిన టీకాను వేరే గుడ్లలోకి ఎక్కించాను. మూడో రోజు విప్పి చూస్తే, మంచు మీది టీకా ఎక్కించిన గుడ్ల లోపలి పొర నిండా, టీకాలోని వైరస్ బతికి ఉంటేనే పడే తెల్లని మచ్చలున్నాయి. సైకిల్ టీకా ఎక్కించిన గుడ్లలో ఏమీ లేదు. టీకా ఎండకు చచ్చిపోయింది. ఆ వాడవాళ్ల ఒంట్లోకి గీతలు తప్ప ఇంకేమీ పోలేదు.

నివేదిక చూసి అధికారి ముఖం ఎర్రబడింది. "మన శాఖ తప్పని మనమే రాసుకుంటామా? టీకా తప్పించుకున్నారని రాసి సంతకం పెట్టు."

నా యాసకు నవ్వుతాడని ఆయన ముందు ఎప్పుడూ పుస్తకాల తెలుగే మాట్లాడేదాన్ని. ఆ రోజు నాకా జంకు లేదు.

"వాళ్లు తప్పించుకోలే సార్. చేతుల మీద గీతలు నా కండ్లతోని చూసిన. నేను పెట్టను."

"ఉద్యోగం అక్కర్లేదా?"

"ఉంటె ఉంటది, పోతె పోతది. సంతకమైతె పెట్టను."

ఆ మధ్యాహ్నమే నివేదికకు నకలు రాసి, నా పేరు పెట్టి, పెద్ద ఆఫీసుకు నేనే పోస్టు చేశాను. ఉద్యోగం పోలేదు. కానీ నా బల్ల తీసేసి నన్ను కోళ్ల, కుందేళ్ల షెడ్డుకు పంపించారు. దాదాపు రెండేళ్లు పంజరాలు కడిగించే పనే నాది. రోజూ పొద్దున ఆయన కారు దిగి లోపలికి పోయేటప్పుడు నేను షెడ్డు గుమ్మంలోనే నిలబడేదాన్ని. తల దించలేదు. ఆయనే అటు తిరిగి పోయేవాడు.

అయితే నా నకలు చూసి పెద్ద ఆఫీసు కొద్ది రోజులకే ఆ ఊరికి ఎండను తట్టుకునే పొడి టీకా పంపింది. పది రోజులు సెలవు పెట్టి నేనూ వెళ్లాను. పటేల్ ఇంటి ముందు జనం పోగయ్యారు. "మీ తప్పేం లేదు. గా మందే పాడయింది" అని చెప్పాను. అవ్వ ఊరుకోలేదు.

"జర గట్టిగ జెప్పు బిడ్డా. గా అరుగు మీద కూసున్నోళ్లకు గూడ ఇనవడాలె."

గొంతెత్తి మళ్లీ చెప్పాను. పటేల్ లేచి లోపలికి పోయాడు.

కొత్త టీకాలు వేసి వారం తిరిగేసరికి వాడంతా జబ్బలు వాచి, పొక్కులు లేచి, పిల్లలు జ్వరంతో ఒకటే ఏడుపు. "ఏం మందు తెచ్చినవమ్మా, పిలగాండ్లు నిద్రవోతలేరు!" అని తల్లులు నన్ను చుట్టుముట్టి తిట్టారు. నాకు నవ్వు ఆగలేదు. ఒక్కో చెయ్యీ పట్టుకుని చూస్తూ, తిట్లు తింటూ వాడ చివరిదాకా నడిచాను.