గంజి కొలత తెలుసన్నాను

ఈ రోజు పొద్దున్నే వాకిట్లోకి రాగానే ఉడుకుతున్న గంజి వాసన తగిలింది. మా చేనేత వీధిలో ఎవరో పడుగు సరిచేసుకుంటున్నారు. ఆ వాసన వచ్చినప్పుడల్లా ఓబులమ్మత్తకు మనసులోనే దండం పెట్టుకుంటాను.

మా ఎనిమిది మగ్గాల ఆడవాళ్ల సంఘాన్ని నిలబెట్టింది ఆమె. నేతకు ముందు పడుగు దారాలను వీధి పొడవునా చాచి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వాలి. ఎండ ముదరకముందే అది అయిపోవాలి. చాలా ఏళ్ల కిందట, తన మోకాళ్లు పట్టేశాక, అహోబిలం తిరునాళ్లకు ఒక భజన బృందం అడిగిన నలభై చీరల పనిని ఆమె నాకు అప్పగించింది. నేను బడికి పోలేదు గానీ, నాన్న ఇంట్లోనే రాయడం, చదవడం నేర్పాడు. నడిపించే మనిషికి అన్నీ తెలిసుండాలని, తెలియదంటే ఎవరూ లెక్కచెయ్యరని నమ్మేదాన్ని. గొంతు కూడా పెంచాను. పడుగుకు గంజి పట్టించే ముందురోజు సాయంత్రం అత్త అడిగింది.

“గంజి కొలత తెల్సునామ్మే?”

“తెలుసత్తా.”

తెలియదు. చిక్కగా కలిపితే ఒక్క పూతతో అయిపోతుందనుకున్నాను. తెల్లారి గంజి పట్టిస్తుండగా గాలి లేచింది. కుంచె తిరిగేలోపే దారాలు పదీ ఇరవై కలిసి పుల్లల్లా అతుక్కుపోయాయి. ఆ పడుగు పాడైతే ఇంకోటి వేసే గడువు లేదు. మాట తప్పిన సంఘానికి మళ్లీ పని ఎవరిస్తారు? గాలి మీద నెపం పెట్టేద్దామని నోటిదాకా వచ్చింది.

అత్త గోడ పట్టుకుంటూ వచ్చి ఒక దారాన్ని వేళ్ల మధ్య నలిపింది. “ఎవురు కలిపినారు?”

“నేనే. నాకు కొలత తెలీదత్తా. నిన్న అబద్ధం చెప్పినా.”

“ఆ ముక్క నిన్ననే చెప్పింటే, ఈ మోకాళ్లతో నేనింత దూరం వచ్చే పని తప్పేది గదా,” అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె అందరి వైపూ తిరిగింది. “ఈయమ్మకు తెలీదంట. మీలో ఎవురికన్నా తెల్సునా? నోట్లో ఏం పెట్టుకోనుండారు?”

మాలో ఎప్పుడూ పెదవి విప్పని షరీఫా వరస చివరినుంచి అంది: “నీళ్లు చల్లి, తడి ఆరకముందే దువ్వితే విడిపోతాది. మాయమ్మ ఇట్లే చేస్తాండె. గంజి శానా చిక్కగా ఉండాదని ముందే చూస్తి. ఈయక్క అరుస్తాంది కదా, మనకెందుకులే అని ఊరుకుంటి.”

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. షరీఫా చెప్పినట్టే అందరం రెండు వైపులా నిలబడి నీళ్లు చల్లాం, దువ్వాం. దారాలు ఒక్కొక్కటే విడిపోయాయి. ఎండ గోడల మీదికి వచ్చేసరికి పడుగు తిన్నగా నిలిచింది. నరసింహస్వామీ అనుకుంటూ అరుగు మీద కూలబడ్డాను. ఏడుపొస్తుందనుకున్నాను, ఆకలేసింది.

అత్త పక్కన కూర్చుని, “నీవొక కొస పట్టుకో, సాలు. ఇంకో కొసకు మనుషులుండారు,” అంది.

అత్త పోయాక సంఘం నా చేతికొచ్చింది. కొత్త పని వస్తే అందర్నీ కూర్చోబెట్టి, ముందుగా నాకు తెలియనివి చెబుతాను. ఎవరైనా మాట్లాడబోయి ఆగితే నేనూ ఆగుతాను. అన్నీ తెలిసినవాడు అహోబిలంలో ఉన్నాడు. నన్నూ అలా ఉండమని ఎవరూ అడగలేదు.