నాలుగు ఎర్ర కుర్చీలు

సేవ చేయాలనే గొప్ప మనసుతో నేను ఆ సంస్థలో చేరలేదు. జాకెట్లు ఆలస్యం చేసి చేరాను.

సోమందేపల్లెలో, హైవే మీంచి ఊళ్లోకి తిరిగే దారిలో నాకో చిన్న టైలరింగ్ షాపు ఉంది. పేద కుటుంబాలకు సాయం చేసే మా ఊరి సంస్థకు సెక్రటరీ ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు. ఆయన తన భార్య జాకెట్ల కోసం మూడు వారాలు నా షాపు చుట్టూ తిరిగారు. నాలుగోసారి వచ్చేసరికి కూడా అవి కత్తిరించిన ముక్కలుగానే ఉన్నాయి. ఆయన ముక్కల వైపు చూశారు, నా వైపు చూశారు. కోప్పడతారేమోనని మాటలు వెతుక్కుంటున్నాను.

"ఏమ్మా, ఆదివారాలు నీకు ఖాళీనే గదా?" అన్నారు మెల్లగా.

ఆ పరిస్థితిలో ఖాళీ లేదని ఎవరు చెప్పగలరు?

అలా నా చేతికి ఫారాల కట్ట వచ్చింది. ఊరి బయట కాలనీలో వరసగా ఐదు బోద కొట్టాలు, అంటే బోదగడ్డి కప్పిన గుడిసెలు, ఉన్నాయి. శెనక్కాయలు ఒలిచే పనికీ, కూలికీ పోయేవాళ్లవి. మా వైపు వాన రావడమే అరుదు. వచ్చినప్పుడు మాత్రం ఆ ఐదు కొట్టాల్లో నేరుగా పొయ్యిలోకే దిగుతుంది. వాటికి రేకుల పైకప్పు వేయించాలని సంస్థ ఆలోచన. నేను ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసుకోవాలి. ఫారంలో 'ఇంట్లోని సామాన్లు' అని ఒక భాగం ఉండేది. కుర్చీ, మంచం, ఫ్యాను, బీరువా. మొదటి ఇంట్లో అన్నింటికీ ఎదురుగా 'లేదు' అని శ్రద్ధగా రాశాను. మూడో ఇంటికి వచ్చేసరికి పైన ఒక్క 'లేదు' రాసి, కిందికి గీత లాగేశాను.

రేకులకు డబ్బు ఇస్తానన్నది బెంగళూరులో ఉండే ఒక మేడం. ఇచ్చే ముందు ఇళ్లు స్వయంగా చూస్తానందట. ఆమె వచ్చే ముందు రోజు నేను కాలనీకి పోయి అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. "కొత్తగా ఏమీ చేయొద్దండి. ఉన్నది ఉన్నట్టు ఉండండి. చాలు."

మొదటి కొట్టంలో ఉండే అరవయ్యేళ్ల ఆమెను కాలనీ అంతా పెద్దక్క అంటుంది. ఆమె మాటకు అక్కడ ఎదురు లేదు. "అట్లే లేమ్మా, ఉన్నట్టే ఉంటాం" అంది. ఆమె అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

మర్నాడు పదింటికి కారొచ్చింది. మేడం నూలు చీరలో, కత్తిరించిన నెరిసిన జుట్టుతో దిగింది. బెంగళూరులో పుట్టినా ఇంట్లో తెలుగే మాట్లాడతారట. చేతిలో ఒక ఫైలు, ఒక కళ్లద్దాల పెట్టె. ఆ పెట్టెను కారు బానెట్ మీద మర్చిపోయి రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి పోయి తెచ్చుకుంది.

పెద్దక్క కొట్టం ముందు ముగ్గు. తలుపుకు చిలకల బొమ్మల తెర. లోపల నాలుగు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు. స్టూలు మీద ఒక టేబుల్ ఫ్యాను. దానికి ప్లగ్గు లేదు, వైరు చివర రెండు తీగలు బయటికి చూస్తున్నాయి. అయినా దాని ముఖం మేడం కూర్చునే వైపు తిప్పి పెట్టారు.

మేడం కూర్చుని, మజ్జిగ తాగి, నా ఫారం తీసింది. చదివింది. తాను కూర్చున్న కుర్చీని చూసింది.

"కుర్చీలు లేవని రాశారే?"

"నిన్నటికి లేవు మేడం" అన్నాను. నా నోటికి వచ్చింది అదే.

 మేడం పెన్నుతో పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టింది. నేను గ్లాసులు కడిగిస్తానని చెప్పి పెద్దక్కను వెనక్కి లాక్కుపోయాను.

"ఏందక్కా ఇది? నా కొంప ముంచినావు గదా! నేను అబద్ధం రాసినానని అనుకుంటాది ఆమె."

"నువ్వేం రాసుకున్నావో నాకేం తెల్సు?" అంది పెద్దక్క. "బెంగళూరు నుంచి ఇంటికొచ్చిన మనిషిని నేల మీద కూర్చోబెట్టమంటావా? దుడ్లు లేవు గానీ మాకు మర్యాద గూడా లేదా?"

"కుర్చీలు యాడివి?"

"ప్రార్థన మందిరానివి. సాయంత్రానికి ఇచ్చేయాల. ఫ్యాను పాత సామాన్లోడిది. వానికీ సాయంత్రానికే."

 మా ఇంటికి ఎవరైనా వస్తే నేను చేసేదీ అదే. ఎదురింటి వాళ్ల గాజు కప్పులు ఇప్పటికి ఎన్నిసార్లు తెచ్చుకున్నానో.

రెండో కొట్టానికి పోయేసరికి తలుపుకు చిలకల తెర. ఈ ఇంట్లోనూ చిలకలేనా అని చూస్తే, కింద అంచు వంకరగా ఉంది. ఆ వంకర నాదే. పండగ తొందరలో నేనే కుట్టిచ్చిన తెర అది. లోపల నాలుగు ఎర్ర కుర్చీలు. స్టూలు మీద అదే ఫ్యాను. అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. మేం ముందు వాకిలి నుంచి నడిచి వస్తుంటే, వెనక సందులోంచి సామానంతా మాకంటే ముందే వచ్చేస్తోంది.

మేడం అక్కడా కూర్చుని మజ్జిగ తాగింది, ఇంకా ఏమీ గమనించలేదు. లేదా గమనించి ఊరుకుందో. ఇప్పుడు నేను రెండే పనులు చేయగలను. నిజం చెప్పేయడం, లేదా సామాను మూడో ఇంటికి చేరేదాకా వాళ్లకు టైము ఇవ్వడం. నిజం చెబుదామనే బయటికి వచ్చాను. తీరా నా నోరు వేరే దారి పట్టింది.

"మేడం, ఇటు రండి. బోరు చూపిస్తాను."

ఆమె వచ్చింది. తుప్పు పట్టిన గొట్టం ముందు ఇద్దరం నిలబడ్డాం.

"నీళ్లొస్తాయా?"

"రావు మేడం."

"మరి ఎందుకు చూపిస్తున్నారు?"

వెనక సందులో కుర్చీలు ఒకదానికొకటి తగిలిన చప్పుడు. కోళ్లు అరిచాయి. "నిదానం! కాలు తొక్కినావే!" అని ఎవరో. నేను గొంతు పెంచాను.

"లేపాక్షి చూసినారా మేడం?"

"నాలుగుసార్లు."

"బసవన్నను?"

"నాలుగుసార్లూ అక్కడే ఉన్నాడు. ఎక్కడికీ పోలేదు" అంది ఆమె, నా ముఖంలోకి సూటిగా చూస్తూ.

ఇక లాగలేక మూడో కొట్టంలోకి తీసుకుపోయాను. గోడకు యేసు పటం. దాని కింద నాలుగు కుర్చీలు. ఆ ఇంటామె మమ్మల్ని చూడగానే, ఎవరూ అడగకముందే, "ఈ కుర్చీలు మా అన్న ఇచ్చినాడు మేడం" అని అప్పజెప్పేసింది. మేడం కూర్చోబోయి ఆగింది. వంగి, కుర్చీలోంచి ఏదో తీసింది. కళ్లద్దాల పెట్టె. ఆమెదే. రెండో ఇంట్లో పక్క కుర్చీ మీద పెట్టి మర్చిపోయింది. ఆ తొందరలో కుర్చీలతో పాటు అదీ ఊరేగి వచ్చింది.

 వెనక తలుపులోంచి మజ్జిగ గ్లాసులతో రొప్పుతూ వచ్చిన పెద్దక్క పెట్టెను చూసింది. పరిస్థితి ఆమెకు ఒక్క క్షణంలో తెలిసిపోయింది.

"మీరే ఈడ పెట్టి మర్చిపోయింటారు మేడం."

"నేను మర్చిపోయింది పక్కింట్లో."

"అయితే దానికి కాళ్లొచ్చినాయేమో."

"పెట్టెకా, కుర్చీలకా?"

"కుర్చీలకు మొదట్నుంచీ ఉండాయి గదా, నాలుగేసి" అంది పెద్దక్క.

నేను నేల వైపు చూస్తూ నిలబడ్డాను. ముప్పై ఏళ్ల పనిలో ఎన్నో జాకెట్లు పాడు చేశాను గానీ ఐదిళ్ల పైకప్పులు ఒకేసారి పాడు చేయడం అదే మొదలు.

మేడం పెట్టెను సంచిలో వేసుకుంది. "ఇంకా ఎన్ని ఇళ్లున్నాయి?"

"రెండు" అన్నాను.

ఆమె లేచి, చీర కొంగు నడుముకు దోపి, ఒక కుర్చీ ఎత్తుకుంది. "వెనక దారే దగ్గర అనుకుంటా. పదండి."

"అయ్యో, మీరు మోయడమేంది మేడం!" అని మూడో ఇంటామె కుర్చీ కాలు పట్టుకుంది. మేడం వదల్లేదు. చివరికి మేడం ఒక కుర్చీ, పెద్దక్క రెండు, మూడో ఇంటామె ఒకటి, నేను ఫ్యాను పట్టుకుని బయల్దేరాం.

ముందు వాకిళ్లలో ముగ్గులున్నాయి. వెనక సందులో ముగ్గులు వేసే పని ఎవరూ పెట్టుకోలేదు. బోద కుళ్లిన చోట ఏదో ఎన్నికల ఫ్లెక్సీ కప్పి రాళ్లు పెట్టారు. నాయకుడి నవ్వు తలకిందులుగా ఉంది. మట్టి గోడ కింద మూరెడు ఎత్తు తడిసి రాలిపోయింది. లోపల నీళ్లు కారుతాయని పొయ్యి బయటే పెట్టి, దాని మీద విరిగిన గొడుగు కట్టారు. మేడం కుర్చీ పట్టుకునే ఒక్కో ఇంటి వెనకా ఆగింది.  పెద్దక్క రెండు కుర్చీలూ దించి ప్రతిచోటా ఆమె కోసం ఆగింది. 

నాలుగో ఇంట్లో మేడం నేల మీద కూర్చుంటుందేమో అనుకున్నాను. కానీ ఆ ఇంటామె పొద్దుట్నుంచీ తన వంతు కోసం కాచుకుని ఉంది. ఆమె తుడిచిచ్చిన కుర్చీలో మేడం దర్జాగా కూర్చుంది. ఐదో ఇంట్లోనూ కూర్చుంది. ఐదిళ్లలోనూ మజ్జిగ తాగింది.

కారెక్కేటప్పుడు అడిగాను. "ఫారాలు మార్చి రాయమంటారా?"

"ఎందుకు? మీరు రాసింది సరిగ్గానే ఉంది" అని, ప్రశ్నార్థకాన్ని కొట్టేసింది.

సెక్రటరీ సారు దగ్గర మాత్రం నాకు చివాట్లు బాగానే పడ్డాయి. ఎండిపోయిన బోరు చూపించినందుకు ప్రత్యేకంగా తిట్టారు. జాకెట్ల సంగతి కూడా అందులోనే కలిపేశారు.

వానలు మొదలు కాకముందే ఐదు కొట్టాలకూ రేకులు పడ్డాయి. నేనే దగ్గరుండి వేయించాను. వారం తర్వాత మేడంకు ఫోటోలు పంపాలని కాలనీకి పోతే, నా కళ్లను నేనే నమ్మలేదు. ఐదు కొట్టాలూ ఎప్పట్లాగే ఉన్నాయి. పైన బోద. రేకు జాడే లేదు.

"అక్కా! రేకులు అమ్మేసినారా?" అని అరిచాను.

"అమ్మేదేందమ్మా?" అంది పెద్దక్క. "ఈ ఎండకు రేకుల కింద పెనం మీద కూర్చున్నట్టు ఉండాది. అందుకే పైన బోద కప్పినాం. వానకు రేకు, ఎండకు బోద. ఇప్పుడు సల్లగుండాది, లోపలికి రా."

ఆమె మాట నిజమే, లోపల చల్లగా ఉంది. కానీ బయటి ఫోటో పంపితే మేడం ఏమనుకుంటుంది? లోపలి నుంచి తీద్దామంటే, నిలబడితే ఒక్క రేకు కూడా పూర్తిగా పడటం లేదు. చివరికి చాప కూడా లేకుండా నేల మీద వెల్లకిలా పడుకుని ఫోన్ పైకి పట్టుకున్నాను.

"ఏమమ్మా, ఎండదెబ్బ తగిలిందా?" అంటూ పెద్దక్క నా మీదికి వంగింది. సరిగ్గా అప్పుడే నొక్కాను.

కొత్త రేకులు మెరుస్తున్నాయి. మధ్యలో సగం ఫోటోను పెద్దక్క కంగారు ముఖం ఆక్రమించింది. ఇంకోటి తీయవచ్చు. కానీ కింద నేల హాయిగా ఉంది, లేవబుద్ధి కాలేదు. పడుకున్నచోటి నుంచే ఆ ఫోటోను బెంగళూరుకు పంపించేశాను.