రూతు జుట్టు గరుకెక్కిన రోజుల్లో

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, మా చిన్నమ్మాయి రూతు విషయంలో దేవుడు చేసిన మేలు చెప్పడానికి మీ ముందు నిలబడ్డాను. మాది యాపలదిన్ని, కూలి చేసుకుని బతికేవాళ్లం.

మూడేళ్లు నిండేదాకా రూతు జుట్టు మెత్తగా ఉండేది. తర్వాత మెల్లగా గరుకెక్కి, కొబ్బరి పీచులా ఎండిపోయి, దువ్వెన పెడితే తెగి చేతికొచ్చేది. నూనె మార్చాం, సబ్బు మార్చాం, బోరు నీళ్లని అనుమానించి వేరే నీళ్లు మోసుకొచ్చి తలంటాను, చివరికి గుండు చేయిస్తే మళ్లీ వచ్చిన జుట్టూ అలాగే వచ్చింది. ఎవరో దిష్టి అన్నారు, ఎవరో నా పెంపకం సరిగ్గా లేదన్నారు. "ప్రభువా, నా బిడ్డకేమైందో నాకు తెలియడం లేదు, తెలిసినవాళ్ల దగ్గరికి నువ్వే నడిపించు" అని ఏడ్చి ప్రార్థించాను.

ఒక పొద్దున మా అత్తమ్మ, "ఊకె ఎంటికలు చూస్కుంట కూసుంటే ఏమొస్తదే? పా, రాయచూరు దవాఖానకు పోదాం" అని బిడ్డను చంకనెత్తుకుని బస్సెక్కింది, వెనకే నేనూ ఎక్కాను.

అక్కడి పిల్లల డాక్టరమ్మ గురించి ఎంత చెప్పినా తక్కువే. బయట అంతమంది ఎదురుచూస్తున్నా ఆమె తొందరపడలేదు. రూతు జుట్టును వేళ్ల మధ్య నలిపి చూసింది, చర్మం తాకింది, మెడ తడిమింది, ఎత్తు కొలిచింది. తర్వాత అడిగినవేవీ జుట్టు గురించి కావు.

"పాప మంచిగ ఆడుకుంటదా అమ్మ? దొడ్డికి సాఫీగ పోతదా? ఎండకాలంల గూడ చలి అంటదా?"

"ఆడదు మేడం, ఎప్పుడూ పండుకునే ఉంటది. దొడ్డికి పోనీకె శాన తిప్పలు పడ్తది. చలని దుప్పటి ఇడువది" అన్నాను. అల్లరి చేయని పిల్ల అని మేం మురిసిపోయామే, అదీ జబ్బు గుర్తేనని నాకప్పుడే తెలిసింది.

"రోగం జుట్టుల లేదమ్మ. గొంతుకాడ థైరాయిడ్ సరిగ్గ పనిచేస్తలేదేమో. రక్తం పరీక్ష చేస్తె తెలుస్తది" అంది డాక్టరమ్మ.

పరీక్షలో అదే తేలింది. రోజూ పరగడుపున వేయమని చిన్న మాత్ర రాసింది.

సహోదరులారా, కొన్ని నెలలకు మా రూతు వీధిలో పరుగులు తీసింది, కుదుళ్ల దగ్గర మెత్తటి కొత్త జుట్టు మొలిచింది, పిలిచినా పలకని పిల్ల ఇప్పుడు వాళ్ల నాయనమ్మతో మాటకు మాట వాదిస్తోంది. ఇందులో మహిమంతా దేవునిదే. విశ్వాసముంటే మాత్ర ఎందుకని నన్ను అడిగినవాళ్లున్నారు. నేను ప్రార్థన చేశాకే మాత్ర వేస్తున్నాను, ఆ డాక్టరమ్మ వేళ్లకు అంత తెలివినిచ్చింది కూడా ఆయనే కదా. మీ ఇంట్లో చిన్నబిడ్డ జుట్టు కారణం తెలియకుండా మారిపోతుంటే ఆయన మీద భారం వేసి దవాఖానకు తీసుకెళ్లండి. ఒక్కరే వెళ్లడానికి భయమైతే ఆరాధన అయ్యాక నన్ను కలవండి, నేను తోడు వస్తాను.