హనుమయ్యగారి హోల్డాన్

మా తాతయ్య హనుమయ్య ఒక్కసారి గొంతెత్తితే టెక్సాస్ జింకలన్నీ ఒక్లహోమా దాకా పరిగెత్తి, అక్కడే కాపురాలు పెట్టేసుకున్నాయి. ఇంతవరకూ ఏ తుపాకీ అంత పని చేయలేదు. ఇందులో కొంచెం పెంచి చెప్పిన మాట ఉంది కానీ, మీరనుకున్నంత లేదు.

తాతయ్య ఆర్టీసీ కండక్టరు. నరసరావుపేట డిపో. సర్వీసులో సగం శ్రీశైలం రూట్లోనే గడిచింది. ఘాట్ రోడ్డు మీద పొద్దు వాలేవేళ జింకలు అడవిలోంచి వచ్చి రోడ్డుకి అడ్డంగా నిలబడేవి. డ్రైవరు కళ్ళు మలుపు మీద ఉంటాయి కాబట్టి, తలుపు దగ్గర వేలాడుతున్న తాతయ్యే ముందు చూసేవాడు. చూడగానే అరచేత్తో బస్సు రేకు మీద దబదబా రెండు దెబ్బలు వేసి "హోల్డాన్!" అని కేక పెట్టేవాడు. బస్సు ఆగేది. జింక వెళ్ళిపోయేది. తన బస్సు కింద ఒక్క జింకా పడలేదని ఆయన ఇప్పటికీ మీసం దువ్వుతాడు.

రిటైరయ్యాక, 2009లో, అమ్మమ్మ అనంతలక్ష్మితో కలిసి టెక్సాస్‌లో, ఫ్రిస్కోలోని మా ఇంటికొచ్చాడు. కండక్టరు తీరా వచ్చింది బస్సే లేని ఊరికి. పాల ప్యాకెట్ కావాలన్నా కారెక్కాలి. కాస్త నడుద్దామని రోడ్డెక్కితే, కారు చెడిపోయిందా అని ఎవరో ఒకరు ఆపి అడిగేవారు. రోజంతా కిటికీలోంచి చూసి చూసి, చివరికి పక్కింటి రేతో స్నేహం కలిపాడు. రే ఫైరింజన్ నడిపి రిటైరైన తెల్లాయన. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరివీ నొప్పి మోకాళ్ళే కాబట్టి ఆ సంగతి కంచె మీదుగా చేతులతో చెప్పుకునేవారు.

రేకి పడమటివైపు, నాలుగు గంటల దూరంలో కొంత పొదల నేల ఉంది. ఏటా నవంబరులో అక్కడికి జింకల వేటకి వెళతాడు. మా నాన్న చక్రధర్‌ని కూడా రెండేళ్ళుగా తీసుకెళుతున్నాడు. రెండేళ్ళూ నాన్న ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఆఫీసులో నవ్వారు, అమ్మ స్రవంతి నవ్వింది, నేనైతే మరీ నవ్వాను. ఆ ఏడు రే ఆ నేల అమ్మేస్తున్నాడు. అంటే నాన్నకి అదే ఆఖరి అవకాశం. సెలవు పెట్టుకున్నాడు, గురి ప్రాక్టీస్ చేశాడు, జింకలు పసిగట్టకుండా వారం ముందే వాసనలేని సబ్బు కొనుక్కున్నాడు.

సరిగ్గా అప్పుడే రే కంచె మీదుగా తాతయ్యనీ రమ్మన్నాడు. మామగారిని వద్దనడం నాన్నకి చేతకాదు. అమ్మమ్మ మాత్రం అనేసింది, సత్యనారాయణ వ్రతంలో కథ అయ్యేదాకా నోరు మూసుకోలేని మనిషివి, అక్కడికెందుకని. తాతయ్యకి రోషం వచ్చింది. ఆ రోషంలోనే స్వెట్టరు వేసుకుని కారెక్కాడు.

అక్కడ మన చేలల్లో మంచెల్లాంటివి ఉన్నాయి. నాలుగు కాళ్ళ మీద చెక్క పెట్టె, పైన రేకు, ముందు చిన్న కిటికీ. తెల్లవారకముందే నాన్న, తాతయ్య ఒక దాంట్లో కూర్చున్నారు. రే దూరంగా ఇంకో దాంట్లోకి వెళ్ళాడు. కదలకూడదు, మాట్లాడకూడదు, దగ్గకూడదు. తాతయ్య కదల్లేదు, మాట్లాడలేదు, దగ్గు వస్తే మఫ్లర్ నోట్లో కుక్కుకున్నాడు. అంత నిష్ఠగా ఆయన ఏ గుళ్ళోనూ కూర్చోలేదు.

వెలుగు పరుచుకునేసరికి జింకలు వచ్చాయి. ముందు ఆడవి, వాటి వెనక కొమ్ములున్నది ఒకటి. నాన్న తుపాకి మెల్లగా ఎత్తాడు. తాతయ్య మోకాలు ఒకటి తిమ్మిరెక్కి, కాలు జరిపితే కుర్చీ కిర్రుమంది. జింకలు తలలెత్తి పెట్టెకేసి చూశాయి. నాన్న ఊపిరి బిగబట్టి, కదలొద్దని కళ్ళతోనే సైగ చేశాడు. నిజానికి అంతవరకూ ఏమీ చెడలేదు. చాలాసేపు అలాగే చూసి, అవి మళ్ళీ తలలు దించి మేతలో పడ్డాయి. కొమ్ముల జింక మాత్రం ఎందుకో నెమ్మదిగా పక్కకు తిరిగి, పొదల మధ్య బండి దారికి అడ్డంగా వచ్చి నిలబడింది.

దారి మీద జింక. అది చూడగానే తాతయ్య చెయ్యి ఆయన మాట వినలేదు. పక్కనున్న చెక్కగోడ మీద దబదబా రెండు దెబ్బలు పడ్డాయి. ఆ వెంటనే, ఘాట్ రోడ్డంతా వినపడే గొంతుతో, "హోల్డాన్!"

పెట్టె డోలులా మోగింది. జింకలు బుస్సుమని చీది, తెల్లతోకలు నిక్కబెట్టి, పొదల్లోకి దూకి మాయమయ్యాయి. నాన్న తుపాకి దించాడు. మామగారి వైపు చూడలేదు. చూస్తే ఆయన చిన్నబుచ్చుకుంటాడేమోనని కాబోలు, కిటికీలోంచి ఖాళీ నేలనే చూస్తూ కూర్చున్నాడు. తాతయ్య తన అరచేతిని చూసుకున్నాడు. అది ఇంకా చుర్రుమంటోంది.

దిగి అవి ఎటుపోయాయో చూద్దామని తాతయ్య లేవబోతే, నాన్న చెయ్యి పట్టుకుని ఆపాడు. బెదిరిన జింకలు దూరం పోవని, గాలివాటు చూసుకుంటూ చుట్టూ తిరిగి వచ్చి, బెదిరించిందేమిటో కనిపెట్టి చూస్తాయని గుసగుసగా చెప్పాడు. ఇప్పుడు దిగితే ఈ పెట్టెలో మనుషులుంటారని వాటికి తెలిసిపోతుందట. అందుకని అలాగే కూర్చున్నారు. ఎండ ఎక్కేదాకా కూర్చున్నారు. ఏదీ రాలేదు.

రే గుడారం దగ్గర ఎదురుచూస్తున్నాడు. అరిచిందెవరని అడిగాడు. ఆయన దగ్గర ఒక పద్ధతుంది. జింకని బెదరగొట్టినవాడు ఆ రోజు ఇక వేటకి రాకూడదు, గుడారం దగ్గరుండి గిన్నెలు తోమాలి. ఫైర్ స్టేషన్ నాటి నుంచీ ఆయన గుంపులో అదే చట్టమట. కొడుకైనా అంతే, చుట్టమైనా అంతే.

తాతయ్య నోరు తెరిచేలోపే నాన్న "నేనే" అన్నాడు. కలలో ఉలిక్కిపడినట్టు అరిచేశానని, కాలు గోడకి తగిలిందని ఏదో అల్లాడు. రే అతన్ని కాసేపు చూసి తల ఊపాడు. ఉదయం కూర్చున్న చోటికి ఇక వెళ్ళి లాభం లేదని, సాయంత్రం వాగు పక్కనున్న పెట్టెకి మారాలని, గాలి ఎదురుగా ఉండేట్టు చుట్టుతిరిగి వెళ్ళాలని వివరించాడు. ఇద్దరినీ వాగు ఒడ్డుకి తీసుకెళ్ళి, బురదలో పడిన తాజా గిట్టల గుర్తులు వేలితో చూపించాడు. అక్కడ ఒకే మనిషికి చోటు. తనే వెళతానన్నాడు. నాన్న సరేనని, మాడిన పెనం తీసుకుని ఇసుకతో తోమడం మొదలుపెట్టాడు.

తాతయ్య మడత కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నాన్న మధ్యలో చేతులు కడుక్కుని వచ్చి ఆయనకి కాఫీ కూడా కలిపి ఇచ్చాడు, పంచదార ఎక్కువేసి, ఆయనకి ఇష్టమైనట్టు. టిక్కెట్టు లేని మనిషిని నడిరోడ్డు మీద, పదిమంది చూస్తుండగా దింపేసిన కండక్టరు ఆయన. సీట్ల కింద దాక్కున్నవాళ్ళని కూడా వదల్లేదు. ఇప్పుడు తను అల్లుడి టిక్కెట్టు మీద కూర్చుని దర్జాగా కాఫీ తాగుతున్నాడు. అడుగుదామంటే అల్లుడు తల ఎత్తడు. ఒక్క మాట అంటాడా అంటే అనడు. మూడేళ్ళ ఆశ అది. ఆ ఆశ అలా పెనం మీద గీసుకుపోతుంటే వినడం ఎంతసేపు.

రే తుపాకి భుజాన వేసుకుని బయల్దేరబోతుండగా తాతయ్య లేచాడు. ఇంగ్లీషు వెతుక్కున్నాడు, దొరకలేదు. అందుకని రే పికప్ ట్రక్కు దగ్గరికి నడిచి, దాని పక్క రేకు మీద దబదబా రెండు దెబ్బలు వేసి, పొద్దుటి గొంతుతోనే "హోల్డాన్!" అని అరిచాడు. తర్వాత తన గుండె మీద వేలు పెట్టుకుని, "మీ, సర్. నాట్ హిమ్" అన్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

నాన్న కంగారుపడి అడ్డం వచ్చాడు. మామగారు జోక్ చేస్తున్నారన్నాడు. రే నవ్వలేదు. నాన్న చేతిలో పెనం తీసి తాతయ్య చేతిలో పెట్టాడు. తుపాకి సంచి నాన్నకి అందించి, వాగు వైపు గడ్డం ఊపాడు.

"మామయ్యగారూ, మీరెందుకండీ," అన్నాడు నాన్న.

"పొద్దు పోతోంది. వెళ్ళు బాబూ," అన్నాడు తాతయ్య, తల దించుకునే.

ఆ సాయంత్రం తాతయ్య పెనం తోమాడు, గిన్నెలు తోమాడు, రే వద్దంటున్నా కాఫీ కెటిల్ కూడా తోమాడు. చెవులు మాత్రం వాగు మీదే ఉన్నాయి. ఒక్క తుపాకి చప్పుడు వినపడితే చాలని, వేట ఎన్నడూ ఒప్పని మనిషి, ఊళ్ళో దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు. చీకటిపడింది. చప్పుడు రాలేదు.

నాన్న ఉత్త చేతులతో వచ్చి, "అటువైపు అసలు జింకలే తిరగవట మామయ్యగారూ," అన్నాడు.

మధ్యాహ్నం బురదలో గిట్టల గుర్తులు తాతయ్య తన కళ్ళతో చూశాడు. ఫ్రిస్కో చేరేదాకా ఏమీ అనలేదు. నాలుగు గంటలు నోరు తెరవకుండా కూర్చోవడం ఆయన బతుకులో అదే మొదటిసారి.

ఇదంతా నాకు చెప్పింది నాన్న కాదు, తాతయ్యే, నేను పరీక్ష తప్పినా నాన్న ఒక్క మాటా అనని రోజున. విని, నేను ఊరుకోలేక అడిగాను, నాన్న ఎలాగూ ఏమీ అనుకోడు కదా తాతయ్యా, హాయిగా కాఫీ తాగి కూర్చోక ఎందుకు చెప్పేశావని.

"మీ నాన్న నన్ను నాలుగు తిట్టుంటే చెప్పేవాణ్ణి కాదురా," అన్నాడు. "ఇక నోరు మూసుకుని వెళ్ళి ఆ తప్పిన పరీక్ష రాసి చావు."