పొలమారని గొంతు

నీళ్లు తాగుతూ పొలమారితే మా అమ్మ నడినెత్తిన తట్టి, "ఎవలో తలుసుకుంటున్నరు కొడుకా" అనేది. నిమోనియాతో మేడ్చల్ ఆసుపత్రిలో వారాల తరబడి గొంతులో ఊపిరి గొట్టంతో పడి ఉన్నాక, అది తీసేసిన రోజున నాకు కావలసింది ఒక్కటే: గ్లాసెడు చాయ్. చాయ్ సంగతి దేవుడెరుగు, మంచినీళ్లు కూడా నోటితో తాగొద్దన్నారు. ముక్కులో ఇంకో సన్నగొట్టం వేసి పాలు పోశారు. కడుపు నిండేది, నోటికి ఆ కబురే అందేది కాదు.

కీసరగుట్ట నుంచి తీర్థం తెచ్చిన అమ్మకు ఇది నచ్చలేదు. దేవుడి నీళ్లకు డాక్టరు అనుమతేమిటని ఆమె వాదన. నర్సు అటు తిరగగానే ఉద్ధరిణెడు నా నోట్లో పోసింది. నాకు పొలమారలేదు. కొడుకు బాగయ్యాడని అమ్మ వార్డంతా చాటింది. తెల్లారేసరికి జ్వరం. వార్డు దిష్టి తగిలిందంది.

మింగింది ఎటు పోతోందో చూడాలని ఎక్స్‌రే గదిలో కూర్చోబెట్టి, తెర మీద కనబడేలా బేరియం మందు కలిపిన తెల్లటి నీళ్లు చెంచాతో ఇచ్చారు. మింగాను. దగ్గు రాలేదు. పాసయ్యాననుకుని డాక్టరమ్మ వైపు చూశాను. ఆమె తెర నా వైపు తిప్పింది. కడుపులోకి పోవలసిన తెల్లటి చార ఊపిరితిత్తుల దారి పట్టి తాపీగా దిగిపోతోంది. అటు పోతే దగ్గు రావాలట, రాకపోవడమే జబ్బట. గొట్టం ఒరుసుకుని గొంతుకు స్పర్శ పోయిందట. ఇన్నాళ్లూ నన్ను తలుచుకున్నవాళ్లే లేరన్నమాట అనుకున్నాను. నవ్వొచ్చింది, వెనకే భయమూ వేసింది. ఇక నోటితో తాగే యోగం లేదేమో.

తర్వాత శామీర్‌పేటలో మా ఇంట్లో గొంతు కసరత్తులు. పుట్టగానే వచ్చిన విద్యకు ఈ వయసులో ట్యూషన్. నేను నాలుక బయటపెట్టి కూర్చుంటే, పక్కింటివాళ్లు చూస్తారని అమ్మ తలుపు వేసేది. తీర్థం మాత్రం నెత్తిన చల్లి ఊరుకునేది.

రెండోసారి అదే గది, అవే తెల్లనీళ్లు. మింగగానే గొంతు మండి, కళ్లల్లో నీళ్లు తిరిగి, ఉక్కిరిబిక్కిరి చేసే దగ్గు. అయిపోయింది, ఫెయిలయ్యాననుకున్నాను. డాక్టరమ్మ నవ్వుతోంది. దారితప్పిన బొట్టును దగ్గే బయటికి నెట్టేసిందట. చిక్కటి అంబలితో మొదలుపెట్టమంది, చాయ్‌కి ఇంకా సమయం ఉందంది.

తలుపు బయట నిలబడ్డ అమ్మకు ఆ దగ్గంతా వినబడింది. నేను రాగానే నడినెత్తిన తట్టింది.

"ఎవలో కాదు కొడుకా, నేనే తలుసుకున్న."