అమ్మ పొట్టమీద ఊదారంగు గుర్తు

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. తాడేపల్లిగూడెంలో లెక్కల టీచర్ని. క్లాసులో ఎవరైనా దెయ్యం కబుర్లు మొదలుపెడితే నిలబెట్టి ఎక్కాలు చెప్పిస్తాను. ఇది చదివి నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ కోపమే.

పోయినేడాది అమ్మకి కడుపునొప్పి వస్తే ఆవిడ ఉండే గణపవరం నుంచి ఏలూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. బయల్దేరేముందు చీర నేనే మార్చాను. పొట్టమీద ఏ మచ్చా లేదు.

ఐదంతస్తుల భవనం. డ్యూటీ డాక్టరు కంప్యూటర్లోంచి తల ఎత్తకుండానే నొప్పి ఎలా ఉందని అడిగాడు.

"ఫర్వాలేదండీ, కొంచెమేనండీ" అంది అమ్మ.

మావైపు ఆడవాళ్ళతో ఇదే చావు. ప్రాణం పోతున్నా డాక్టరుగారి ముందు గట్టిగా చెప్పుకోవడం మర్యాద కాదనుకుంటారు. ఆయన ఆ 'కొంచెం' టైపు చేసుకుని స్కానింగ్ వరసలో కూర్చోమన్నాడు. గంటన్నర కూర్చున్నాం. అమ్మ ముఖం పాలిపోతోంది. రెండుసార్లు వెళ్ళి అడిగితే "వరసలో రండి మేడం" అన్నారు.

పదకొండింటికి అమ్మ ఒక్కసారిగా కేక పెట్టింది. "అక్కడేనండీ డాక్టరమ్మగారూ! నొక్కకండి!"

ఎదురుగా ఎవరూ లేరు. అమ్మ చెయ్యి నా చేతిలోనే ఉంది. నేను రెప్ప కూడా వాల్చలేదు.

ఆ కేకకి సర్జన్ పరుగెత్తుకొచ్చాడు. కొంగు తొలగిస్తే, కుడివైపు పొత్తికడుపు మీద ఊదారంగు మందుతో ఇంటూ గుర్తు, ఇంకా తడిగా ఉంది. ఎవరు పెట్టారని నర్సుల మీద అరిచాడు. ఆ మందు మా దగ్గర లేనేలేదండీ అన్నారు వాళ్ళు. అపెండిక్స్ పగలడానికి సిద్ధంగా ఉందట. వెంటనే ఆపరేషన్ చేశారు. అమ్మ బతికింది.

ఎదురు టీకొట్టు పెద్దాయనతో ఈ మాట అంటే గ్లాసు కడగడం ఆపేశాడు. ఈ ఐదంతస్తులు కట్టిన స్థలంలో ఒకప్పుడు పన్నెండు మంచాల పెంకుల ఆసుపత్రి ఉండేదట. కొల్లేటి లంకల నుంచి పడవల్లో వచ్చేవారట రోగులు.

"అప్పుడీ మిషన్లు ఎక్కడివండీ? డాక్టరమ్మగారు చేత్తో నొక్కి చూసి, నొప్పి ఉన్నచోట ఊదా మందుతో గుర్తేసేవారండీ. ఆవిడ పోయి చాలా ఏళ్ళయిందండీ."

ఆ గుర్తు ఎవరు పెట్టారో ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు. కానీ ఆ ఉదయం అంత పెద్ద ఆసుపత్రిలో, అమ్మ కేక పెట్టేదాకా బతికున్న డాక్టరు ఒక్కరైనా మా అమ్మ పొట్టమీద చెయ్యి వేసి చూడలేదు. అది తలుచుకుంటే నాకు భయం వెయ్యదు. ఒళ్ళు మండిపోతుంది.